గొట్టం కోస్తే ఏడేళ్లకు తక్కువ కాని జైలు: పిస్టల్, రైఫిల్, నాటు తుపాకీలను చట్టం ఎలా వేరు చేస్తుంది?

మదనపల్లె దగ్గర ఓ పల్లెలో ఒక ఇల్లు అనుకుందాం. అటక మీద తాతగారి కాలం నాటి పొడవాటి తుపాకీ ఉంది. ఆయన బతికున్నప్పుడు లైసెన్సు ఉండేది. ఇప్పుడు ఆ కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చేలో అడవి పందుల బెడద ఎక్కువైంది. ‘గొట్టం మరీ పొడుగ్గా ఉంది, బండి మీద తీసుకెళ్లడం కష్టం. నాలుగు అంగుళాలు కోయిస్తే సరిపోతుంది కదా’ అని ఇంట్లో ఒకరు అన్నారు.

వినడానికి ఇది చిన్న మరమ్మతులా ఉంటుంది. చట్టం మాత్రం అలా చూడదు. లైసెన్సు లేకుండా సాధారణ తుపాకీ దగ్గర ఉంచుకుంటే కనీస శిక్ష రెండేళ్లు. అదే తుపాకీ గొట్టాన్ని అనుమతి లేకుండా కోస్తే కనీస శిక్ష ఏడేళ్లు. గరిష్ఠంగా యావజ్జీవం కూడా పడొచ్చు.

తుపాకీ పొట్టిదా, పొడుగుదా అన్నది చట్టానికి ఎందుకంత పెద్ద విషయం? పిస్టల్‌కు, పొట్టి రైఫిల్‌కు తేడా ఎక్కడుంది? మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పాత తుపాకీ ఉన్నవాళ్లు, పంట కాపలాకు తుపాకీ కావాలనుకునేవాళ్లు ఏం తెలుసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఏ చట్టం వర్తిస్తుంది?

దేశమంతటికీ ఒకటే చట్టం. అది 1959 నాటి ఆయుధాల చట్టం. 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు బ్రిటిష్ ప్రభుత్వం 1878లో తెచ్చిన చట్టం ఉండేది. ఇప్పటి చట్టాన్ని ఎలా అమలు చేయాలో చెప్పేవి ఆయుధాల నిబంధనలు. మొదట 1962లో వచ్చిన నిబంధనల స్థానంలో 2016లో కొత్తవి వచ్చాయి. 2019 డిసెంబరులో పార్లమెంటు చట్టాన్ని సవరించి శిక్షలను బాగా పెంచింది.

ఈ చట్టం దృష్టిలో పేలుడు శక్తితోనో, మరో రకమైన శక్తితోనో గుండును గానీ తూటాను గానీ బయటికి పంపేలా తయారైన ప్రతి ఆయుధమూ తుపాకీ కిందే లెక్క. కంపెనీలో తయారైందా, ఊళ్లో కమ్మరి చేశాడా అన్న తేడా లేదు. ‘మాది నాటు తుపాకీ, అది తుపాకీ కిందికి రాదు’ అనుకోవడం పొరపాటు. తుపాకీ విడిభాగాలు కూడా ఈ నిర్వచనంలోకే వస్తాయి. అంటే గొట్టం ఒక్కటే దాచినా చిక్కే.

చట్టం తుపాకీలో ఏం చూస్తుంది?

మామూలుగా మనం చేతిలో పట్టేది పిస్టల్, భుజానికి ఆనించేది రైఫిల్ అంటాం. చట్టం అంతకంటే లోతుగా చూస్తుంది. ముఖ్యంగా నాలుగు విషయాలు.

మొదటిది, గొట్టం లోపలి భాగం. కొన్ని తుపాకుల గొట్టం లోపల మర చుట్టినట్టు గాట్లు ఉంటాయి. వాటి వల్ల తూటా గిర్రున తిరుగుతూ నేరుగా, దూరంగా వెళ్తుంది. రైఫిల్ అన్న పేరు వచ్చింది ఆ గాట్ల నుంచే. పిస్టళ్లు, రివాల్వర్లలోనూ ఈ గాట్లు ఉంటాయి. మరికొన్ని తుపాకుల గొట్టం లోపల నున్నగా ఉంటుంది. గుళ్లు పేల్చే 12 బోరు తుపాకులు, మందు దట్టించి పేల్చే తుపాకులు ఎక్కువగా ఈ కోవవే.

రెండోది, బోరు. అంటే గొట్టం లోపలి వ్యాసం. దీంతోపాటు ఆ తుపాకీలో ఎలాంటి తూటా పడుతుందన్నది కూడా చూస్తారు. సైన్యం, పోలీసులు వాడే తూటా పట్టే తుపాకీని పౌరుల చేతికి తేలిగ్గా ఇవ్వకూడదన్నది దీని వెనకున్న ఆలోచన.

మూడోది, పనితీరు. ప్రతిసారీ చేత్తో తూటా ఎక్కించాలా? ఒకటి పేలగానే రెండోది దానంతటదే గొట్టంలోకి వస్తుందా? ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే ఆగకుండా పేలుతూనే ఉంటుందా?

నాలుగోది, గొట్టం పొడవు. నున్నటి గొట్టం తుపాకుల విషయంలో చట్టం ఒక గీత గీసింది. అది 20 అంగుళాలు, అంటే దాదాపు 51 సెంటీమీటర్లు.

ఏ తుపాకీ ఏ కేటగిరీ?

2016 నిబంధనల మొదటి షెడ్యూలులో ఆయుధాలను కేటగిరీలుగా విడదీశారు. సామాన్యులకు అవసరమైనవి ఇవి.

• కేటగిరీ 1(ఎ): నిషిద్ధ ఆయుధాలు. ట్రిగ్గర్ వదిలేదాకా లేదా తూటాలు అయిపోయేదాకా పేలుతూనే ఉండే తుపాకులు, ఫిరంగుల వంటివి.

• కేటగిరీ 1(బి): సెమీ ఆటోమేటిక్ తుపాకులు. అంటే ఒకటి పేలగానే తర్వాతి తూటా తానే సిద్ధమయ్యేవి. 20 అంగుళాల కంటే తక్కువ గొట్టం ఉన్న నున్నటి గొట్టం తుపాకులు కూడా ఇందులోనే ఉన్నాయి.

• కేటగిరీ 1(సి): .303, 7.62 మిల్లీమీటర్ల సర్వీసు తూటాలు పట్టే రైఫిళ్లు, .410 బోరు మస్కెట్లు, సర్వీసు 9 మిల్లీమీటర్ల తూటా పట్టే పిస్టళ్లు, కార్బైన్లు మొదలైనవి.

• కేటగిరీ 1(డి): తుపాకీ శబ్దాన్నీ, మెరుపునూ తగ్గించే సైలెన్సర్ల వంటి పరికరాలు.

• కేటగిరీ 3: పై వాటిలోకి రాని రివాల్వర్లు, పిస్టళ్లు, అనుమతి ఉన్న బోరు రైఫిళ్లు, .22 బోరు రైఫిళ్లు, 12 బోరు తుపాకుల వంటివి.

జనం నోట వినిపించే ‘ప్రొహిబిటెడ్ బోరు’, ‘నాన్ ప్రొహిబిటెడ్ బోరు’ అన్న మాటలు ఈ విభజన నుంచి వచ్చినవే. కేటగిరీ 1కి లైసెన్సు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. కేటగిరీ 3కి జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరు ఇస్తారు. పోలీసు కమిషనరేట్ ఉన్న నగరాల్లో ఆ పని కమిషనరుది.

మరి పిస్టల్‌కూ, పొట్టి రైఫిల్‌కూ తేడా ఏమిటి?

1(బి)ని మరోసారి చూడండి. సెమీ ఆటోమేటిక్ తుపాకులన్నీ అందులో ఉన్నాయి. కానీ ఒక మినహాయింపు ఉంది. కేటగిరీ 3(ఎ)లో ఉన్న రివాల్వర్లు, పిస్టళ్లకు ఇది వర్తించదు.

దీని అర్థం ఏమిటంటే, .32 బోరు పిస్టల్ తనంతట తానే తూటా ఎక్కించుకునేదే అయినా కలెక్టరు లైసెన్సు ఇవ్వొచ్చు. అదే పనితీరుతో ఉన్న రైఫిల్ అయితే కేటగిరీ 1లోకి వెళ్లిపోతుంది. కలెక్టరు పరిధి దాటిపోతుంది. అంటే ఒకే రకమైన పనితీరు ఉన్నా, ఆ ఆయుధం ‘పిస్టల్’ అవునా కాదా అన్నదాన్ని బట్టి లైసెన్సు దారే మారిపోతుంది.

కాబట్టి పిస్టల్ వెనక భుజానికి ఆనించే మడమ బిగించడం, అదనపు కిట్లతో దాన్ని చిన్న కార్బైన్‌లా మార్చడం సరదా పనులు కావు. 2019 సవరణ తరువాత, తుపాకీని ఒక కేటగిరీ నుంచి మరో కేటగిరీకి లైసెన్సు లేకుండా మార్చడం కూడా గొట్టం కోయడంతో సమానమైన నేరం. ఆన్‌లైన్‌లో కనిపించే ఇలాంటి సామగ్రి కొనే ముందు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

అయితే రైఫిల్ గొట్టం ఇన్ని అంగుళాలకు తగ్గితే అది వేరే రకం అన్న లెక్క ఈ షెడ్యూలులో కనిపించదు. రైఫిళ్లను బోరు, తూటా, పనితీరు బట్టి విడదీశారు. అంగుళాల గీత ఉన్నది నున్నటి గొట్టం తుపాకులకే. అయినా సరే, రైఫిల్ గొట్టం కోయొచ్చని దాని అర్థం కాదు. ఎందుకో తర్వాత చూద్దాం.

అమెరికాలో లెక్క వేరు

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లకు ఈ అంగుళాల గొడవ బాగా తెలిసే ఉంటుంది. అక్కడ 1934లో వచ్చిన నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం రైఫిల్ గొట్టం 16 అంగుళాలకు, షాట్‌గన్ గొట్టం 18 అంగుళాలకు తగ్గకూడదు. మొత్తం ఆయుధం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. తగ్గితే దాన్ని ప్రభుత్వం దగ్గర ప్రత్యేకంగా నమోదు చేయించాలి. ఒక చేత్తో పేల్చేలా తయారైతే పిస్టల్, భుజానికి ఆనించి పేల్చేలా తయారైతే రైఫిల్ అని అక్కడి నిర్వచనం.

ఆ నిబంధన వెనక ఒక విచిత్రమైన కథ ఉంది. మొదట ఆ బిల్లులో పిస్టళ్లు, రివాల్వర్లు కూడా ఉన్నాయి. అలాగైతే జనం రైఫిళ్లు, షాట్‌గన్లు కోసి పిస్టల్‌లా వాడుకుంటారన్న భయంతో పొట్టి తుపాకులనూ చేర్చారు. చివరికి పిస్టళ్లను బిల్లు నుంచి తీసేశారు కానీ పొట్టి తుపాకులు మాత్రం అలాగే ఉండిపోయాయి. అందుకే అక్కడ పిస్టల్ కొనడం సులువు, దానికి మడమ బిగిస్తే మాత్రం కొత్త చిక్కు.

చేతికి ఆనించే ‘బ్రేస్’ ఉన్న పిస్టళ్లలో చాలావాటిని పొట్టి రైఫిళ్ల కిందే లెక్కించాలని 2023లో అక్కడి ప్రభుత్వ సంస్థ నిబంధన తెస్తే, 2024లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. పొట్టి రైఫిల్‌పై 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. పన్ను పోయినా నమోదు తప్పదు.

అక్కడి వీడియోలు చూసి ఇక్కడ అదే వర్తిస్తుందనుకుంటే ప్రమాదం. అక్కడ నమోదు చేయిస్తే సరిపోయేది, ఇక్కడ జైలుకు దారి తీయొచ్చు.

గొట్టం కోయడం ఎందుకు ఇంత పెద్ద నేరం?

పొడవాటి తుపాకీ భుజాన వేసుకుని వెళ్తే పది మందికీ కనిపిస్తుంది. అదే గొట్టం కోస్తే చొక్కా కింద, సంచిలో, బండి సీటు కింద పట్టేస్తుంది. పంట కాపలాకు ఉద్దేశించినది మనుషుల మీదికి తీసుకెళ్లే ఆయుధంగా మారిపోతుంది. పైగా కోసిన గొట్టం అంచులు సరిగా లేకపోతే పేల్చినవాడి చేతికే ప్రమాదం.

అందుకే ఆయుధాల చట్టంలోని 6వ సెక్షను ఏ తుపాకీ గొట్టాన్నైనా లైసెన్సు లేకుండా పొట్టి చేయకూడదని చెబుతోంది. ఇక్కడ 20 అంగుళాల మాట లేదు. 36 అంగుళాల గొట్టాన్ని 30 అంగుళాలు చేసినా ఇదే సెక్షను. రైఫిల్ అయినా, మందు దట్టించేదైనా ఇదే. మీ తుపాకీకి సక్రమమైన లైసెన్సు ఉన్నా సరే, అది తుపాకీ ఉంచుకోవడానికే తప్ప కోయడానికి కాదు. బొమ్మ తుపాకీని నిజమైన తుపాకీగా మార్చడం కూడా ఈ సెక్షను కిందికే వస్తుంది.

2019 సవరణకు ముందు ఈ నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు ఉండేది. ఇప్పుడు అది ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పెరిగింది. జరిమానా అదనం. కోయించుకున్నవాళ్లే కాదు, కోసి ఇచ్చిన వెల్డింగ్ షాపువాళ్లు, లేత్ మిషనువాళ్లు కూడా ఈ కేసులో ఇరుక్కుంటారు.

శిక్షలు ఒక్క చోట

• లైసెన్సు లేకుండా సాధారణ తుపాకీ లేదా తూటాలు ఉంచుకోవడం: 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా.

• నిషిద్ధ ఆయుధం ఉంచుకోవడం: 7 నుంచి 14 ఏళ్ల జైలు, జరిమానా.

• లైసెన్సు లేకుండా తయారు చేయడం, అమ్మడం, మరమ్మతు చేయడం: 7 ఏళ్ల నుంచి యావజ్జీవం, జరిమానా.

• గొట్టం కోయడం, కేటగిరీ మార్చడం: 7 ఏళ్ల నుంచి యావజ్జీవం, జరిమానా.

• పెళ్లిళ్లు, ఊరేగింపుల్లో ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా గాలిలోకి కాల్చడం: 2 ఏళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

• లైసెన్సులోని షరతు మీరడం: 6 నెలల దాకా జైలు లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మూడో దాన్ని గమనించండి. ‘ఇంట్లో ఉంటే గొడవ, ఎవరికైనా అమ్మేద్దాం’ అనుకుని పాత తుపాకీని చేతులు మారిస్తే, ఉంచుకున్నదానికంటే పెద్ద నేరం అవుతుంది.

మదనపల్లె: తాతగారి తుపాకీ సంగతేంటి?

మొదట చెప్పుకున్న ఇంటికి వద్దాం. లైసెన్సు ఉన్న వ్యక్తి చనిపోతే ఆ లైసెన్సు వారసులకు దానంతటదే రాదు. ఆ తుపాకీని అనవసర జాప్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలని చట్టంలోని 21వ సెక్షను చెబుతోంది. లైసెన్సు గడువు ముగిసినా, రద్దయినా ఇదే పద్ధతి. డిపాజిట్ చేసినంత మాత్రాన తుపాకీ పోయినట్టు కాదు. వారసులు తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకుని, అది వచ్చాక తిరిగి తీసుకోవచ్చు. లేదా లైసెన్సు ఉన్న మరొకరికి చట్టబద్ధంగా అమ్ముకోవచ్చు.

తాతల కాలం నాటిది కాబట్టి మినహాయింపు ఉంటుందని కొందరు అనుకుంటారు. పాత నమూనావి, పురాతన విలువ ఉన్నవి, పాడైపోయినవి చట్టం పరిధిలోకి రావన్న మాట నిజమే. కానీ దానికి షరతు ఉంది. ఆ ఆయుధం తుపాకీగా వాడే ఉద్దేశంతో గానీ, వాడడానికి వీలుగా గానీ ఉండకూడదు. మందు దట్టిస్తే పేలే తుపాకీ ఎంత పాతదైనా తుపాకీయే. పేలుతుందో లేదో తేల్చేది ఫోరెన్సిక్ నిపుణులు, మనం కాదు.

అటక మీద తుపాకీ ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియకపోతే? ఆయుధం తన ఆధీనంలో ఉందని తెలిసి ఉండడం ముఖ్యమని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆయుధం ఒంటి మీదే ఉండక్కర్లేదు, దాని మీద అజమాయిషీ ఉంటే చాలు. కాబట్టి ‘నాకు తెలియదు’ అన్న వాదన తెలియనంత వరకే పనికొస్తుంది. ఈ రోజు అటక మీద చూశాక రేపటి నుంచి మీకు తెలిసినట్టే.

ఒక కుటుంబ సభ్యుడి పేరిట ఎన్ని ఉండొచ్చు? ఒకరికి గరిష్ఠంగా రెండు తుపాకులే. 2019కి ముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ లెక్కలోనే కలుస్తాయి.

పుంగనూరు: పంట కాపలాకు తుపాకీ ఇస్తారా?

వేరుశనగ, టమాటా చేలల్లో పందులు పడి రాత్రికి రాత్రే నష్టం చేస్తే రైతు బాధ మామూలుగా ఉండదు. చట్టం ఈ అవసరాన్ని గుర్తించింది. నిజమైన పంట రక్షణ కోసం మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షనులో ఉంది. అది సరిపోదని అధికారి భావిస్తే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టం తుపాకీకీ ఇవ్వొచ్చు. ఆత్మరక్షణకు, క్రీడకు కూడా ఇదే 20 అంగుళాల తుపాకీని చట్టం పేర్కొంది. అంటే పంట కాపలా కోసం కోరుకునే తుపాకీనే కోసి 20 అంగుళాల లోపుకు తెస్తే, అది కలెక్టరు ఇచ్చే లైసెన్సు పరిధి నుంచి జారి కేటగిరీ 1లో పడుతుంది.

ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. మీరు అడిగితే, ప్రజా ప్రయోజనాలకు ఇబ్బంది లేనంత వరకు, ఆ కారణాలను క్లుప్తంగా ఇవ్వాలి. దాని మీద అప్పీలు చేసుకునే హక్కు 18వ సెక్షను కింద ఉంది. 21 ఏళ్లు నిండనివారికి మాత్రం తుపాకీ లైసెన్సు ఉండదు.

దరఖాస్తు చేసేవారు ఈ వరుస గుర్తుంచుకోండి.

1. ఫారం ఎ-1లో దరఖాస్తు. గుర్తింపు, చిరునామా, వయసు రుజువులతో పాటు పొలం పత్రాలు, పంట నష్టం ఆధారాలు ఉంటే జత చేయండి.

2. ఆరోగ్యం, మానసిక స్థితి బాగున్నట్టు వైద్యుడి ధ్రువపత్రం. ఆయుధాన్ని భద్రంగా వాడడంపై శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం. ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు ఉందన్న హామీ పత్రం.

3. స్థానిక పోలీస్ స్టేషను నుంచి విచారణ నివేదిక. పాత కేసులు, గొడవలు ఇక్కడే బయటపడతాయి.

4. కలెక్టరు నిర్ణయం. వచ్చిన లైసెన్సు మీద జాతీయ డేటాబేస్‌లోని ప్రత్యేక గుర్తింపు సంఖ్య, అంటే యూఐఎన్ ఉందో లేదో చూసుకోండి. అది లేని లైసెన్సు చెల్లదు. గడువు ఐదేళ్లు. ముగియకముందే రెన్యువల్‌కు దరఖాస్తు చేయాలి.

ఏ జిల్లా కలెక్టరేట్‌కు వెళ్లాలన్నది కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచి వేరుపడింది. పాత లైసెన్సు మీద చిత్తూరు జిల్లా ముద్ర ఉన్నవారు, ఇప్పుడు తమ ఊరు ఏ జిల్లాలో ఉందో చూసుకుని ఆ కార్యాలయంలోనే రెన్యువల్ విషయం మాట్లాడాలి.

కుప్పం: ఏనుగులు, రెండు రాష్ట్రాల సరిహద్దు

కుప్పం, పలమనేరు అడవుల్లో కౌండిన్య అభయారణ్యం ఉంది. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చే ఏనుగుల మందలు పొలాల మీద పడడం ఇక్కడి రైతులకు పాత బాధే. అయితే తుపాకీకి లైసెన్సు ఉండడం వేరు, జంతువును కాల్చడం వేరు. ఆయుధాల చట్టం ఇచ్చిన అనుమతి వన్యప్రాణి చట్టానికి పనికిరాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఏనుగు మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. అది పంటకు ప్రమాదకరంగా మారితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతిస్తేనే వేటాడవచ్చు. అనుమతి లేకుండా లైసెన్సు తుపాకీతో కాల్చినా కేసే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సదుద్దేశంతో ఆత్మరక్షణ చేసుకోవడానికి మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది.

ఏనుగులు వస్తే తుపాకీ కంటే ముందు అటవీ శాఖకు ఫోను చేయడమే దారి. ఏనుగులను అడవిలోకి మళ్లించేందుకు 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి కుంకీ ఏనుగులను అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఉంది. పంట నష్టానికి పరిహారం కోరాలంటే ఫొటోలు తీసి, ఆలస్యం చేయకుండా అటవీ, రెవెన్యూ సిబ్బందికి తెలియజేయాలి.

కుప్పం వాసులకు ఇంకో విషయం. ఇటు వెళ్తే క్రిష్ణగిరి, అటు వెళ్తే కోలారు. పెళ్లికో, పొలం పనికో రాష్ట్రం దాటడం రోజూ ఉండేదే. కానీ తుపాకీ లైసెన్సు మీద అది ఎంత ప్రాంతంలో చెల్లుతుందో రాసి ఉంటుంది. ఆ హద్దు దాటితే లైసెన్సు ఉన్నా షరతు మీరినట్టే. పంట కాపలా లైసెన్సు అయితే మరింత జాగ్రత్త, అది మీ చేను కోసం ఇచ్చింది. బెంగళూరులో విమానం ఎక్కేవారు పాత సంచుల్లో తూటా మిగిలిపోలేదని చూసుకోవాలి. ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు.

ఎయిర్‌గన్‌కు లైసెన్సు కావాలా?

బోరు .177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే ఎయిర్‌గన్‌కు లైసెన్సు అవసరం లేదు. అంతకంటే ఎక్కువైతే కావాలి. కొనేటప్పుడు బిల్లు మీద ఈ రెండు వివరాలూ రాయించుకోండి. దానితో వన్యప్రాణులను కొట్టినా వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది.

ఎప్పుడూ లైసెన్సు లేని నాటు తుపాకీ ఉంటే ఏం చేయాలి?

ఇది అన్నింటికంటే కష్టమైన ప్రశ్న. ఒకప్పుడు లైసెన్సు ఉండి పోయిన తుపాకీకి 21వ సెక్షను దారి చూపింది. ఎన్నడూ లైసెన్సు లేనిదానికి ‘తెచ్చి ఇస్తే కేసు ఉండదు’ అన్న హామీ చట్టంలో రాసి లేదు. పోలీసులు స్వచ్ఛందంగా అప్పగించాలని పిలుపు ఇచ్చినప్పుడు ఆ అవకాశాన్ని వాడుకోవడం మంచిది. అలాంటి పిలుపు లేకపోయినా దాచడం కంటే చెప్పడమే మేలు. ఎలా చెప్పాలన్నది ముఖ్యం.

• తుపాకీని బండి మీద పెట్టుకుని మీరే స్టేషనుకు బయలుదేరకండి. దారిలో పట్టుబడితే అప్పగించడానికే తెస్తున్నామని నిరూపించుకోవడం కష్టం.

• ముందు ఒక న్యాయవాదితో మాట్లాడండి. ఫీజు కట్టే స్థోమత లేకపోతే కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీని అడగండి.

• తర్వాత స్టేషను అధికారికి సమాచారం ఇచ్చి, ఊరి పెద్దల సమక్షంలో అప్పగించండి. అప్పగించిన తేదీ, ఆయుధం వివరాలతో రసీదు తీసుకోండి.

• బావిలో పడేయడం, పొలంలో పాతడం, కోసి ముక్కలు చేయడం, చుట్టాలకు ఇవ్వడం వంటివి వద్దు. ఇవేవీ సమస్యను పోగొట్టవు, కొన్ని పెంచుతాయి.

• మందు దట్టించి ఉందేమో తెలియకపోతే ముట్టుకోకండి. పిల్లలను దూరంగా ఉంచి 112కు ఫోను చేయండి.

లైసెన్సు ఉన్నవారికి కూడా ఒక మాట. ఎన్నికల సమయంలో జిల్లా యంత్రాంగం కోరితే తుపాకీని డిపాజిట్ చేయాలి, అప్పుడూ రసీదు తప్పనిసరిగా తీసుకోండి. లైసెన్సు పుస్తకం చివరిసారి ఎప్పుడు రెన్యువల్ అయిందో, అందులో రాసిన బోరు, నంబరు మీ తుపాకీతో సరిపోతున్నాయో ఈ వారమే ఒకసారి చూసుకోండి. గొట్టం పొడవు మీద అనుమానం ఉంటే టేపుతో కొలిచి చూడండి. కోత గుర్తులు గానీ, 20 అంగుళాల లోపు కొలత గానీ కనిపిస్తే, అది మీ తాతగారి హయాంలో జరిగిందే అయినా, సరిచేయించడానికి మెకానిక్ దగ్గరకు వెళ్లకండి. నేరుగా న్యాయవాది దగ్గరకే వెళ్లండి.